బస్టాండు నుంచి నడిచి వెళ్లే దూరం: నల్లగొండ కంప్యూటర్ క్లబ్బు మిత్రులకు బహిరంగ లేఖ

నల్లగొండ కంప్యూటర్ క్లబ్బు మిత్రులందరికీ నమస్కారం.

వచ్చే ఆదివారం మనమంతా కూర్చుని, ఇకమీదట నెలనెలా ఎక్కడ కలుసుకోవాలో తేల్చుకోబోతున్నాం. నేనూ వస్తాను, నా మాటా చెబుతాను. అయినా ముందుగానే ఈ లేఖను అందరి ముందూ పెట్టడానికి కారణం ఉంది. ఆ రోజు చేతులెత్తేవాళ్లు ఎలాగూ రాగలిగినవాళ్లే. రాలేకపోయినవాళ్ల చేతులు లెక్కలోకి రావు. అలాంటివాళ్లలో ఇద్దరిని పోయిన నెల కళ్లారా చూశాను కాబట్టి రాస్తున్నాను.

పోయిన సమావేశం హైదరాబాదు రోడ్డు మీద, ఊరు దాటే చోట ఉన్న ఒక కోచింగ్ సెంటర్‌లో జరిగింది. నేను దుకాణం నుంచి బయలుదేరి బస్టాండు ముందు నుంచి వెళ్తున్నాను. బండి వెనక ఒక మిత్రుడు, ఆయన ఒళ్లో దుప్పటి చుట్టిన సీపీయూ. బస్టాండు గేటు దగ్గర ఇద్దరు ఆడపిల్లలు ఒక ఆటో అతనితో మాట్లాడుతున్నారు. వాళ్లలో ఒకమ్మాయిని గుర్తుపట్టాను. అంతకుముందు నెల మన దగ్గరికి వచ్చి, తన ఫోనులో ఉన్న తెలుగు నోట్సును కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించాలో అడిగి నేర్చుకుని వెళ్లింది. కనగల్ వైపు ఊరు, డిగ్రీ రెండో సంవత్సరం. ఈసారి చెల్లెలిని కూడా వెంట తెచ్చుకుంది. ఆదివారం కావడంతో అటువైపు షేర్ ఆటోలు దొరకలేదు. స్పెషల్‌గా వెళ్తే ఎనభై రూపాయలు, తిరిగి రావడానికి మళ్లీ అంతే. ఆ అమ్మాయి చేతిలోని చిన్న పర్సు జిప్పు తీసింది, లోపలికి చూసింది, మళ్లీ మూసేసింది. చెల్లెలి చేయి పట్టుకుని ప్లాట్‌ఫారం వైపు వెనక్కి నడిచింది. నేను బండి పక్కకు తీసి, ఆ సీపీయూను జాగ్రత్తగా కింద పెట్టించి లోపలికి పరుగెత్తేసరికి ఇద్దరూ జనంలో కలిసిపోయారు. వెతికాను, కనిపించలేదు.

ఆ రోజు సమావేశంలో అందరం ఆ హాలు ఎంత బాగుందో చెప్పుకున్నాం. నేనూ చెప్పాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఆ పిల్లలు తమ ఊరి నుంచి నల్లగొండ బస్టాండు దాకా పైసా ఖర్చు లేకుండా వచ్చారు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు జీరో టికెట్ ఇస్తున్నారు. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. తిప్పర్తి నుంచి రావచ్చు, కట్టంగూరు నుంచి రావచ్చు, మునుగోడు నుంచి రావచ్చు. అంత దూరం ఉచితంగా వచ్చిన మనిషిని మనం పెట్టుకున్న చివరి మూడు కిలోమీటర్లు ఆపేశాయి. క్లబ్బుకు ఆడపిల్లలు ఎందుకు రావడం లేదని మనం చాలాసార్లు చర్చించుకున్నాం. కాలేజీలకు వెళ్లి చెప్పాం, గోడల మీద కాగితాలు అంటించాం. వాళ్లకు ఆసక్తి లేదేమో అని కూడా అనుకున్నాం. ఆ అనుమానం పూర్తిగా తప్పు. ఆసక్తి ఉన్న పిల్ల బస్టాండు గేటు దాకా వచ్చింది, చెల్లెలిని కూడా తెచ్చింది. అక్కడి నుంచి ముందుకు రావడానికి మనం దారి ఉంచలేదు.

నా సంగతి కొంత చెప్పాలి, ఎందుకంటే ఈ క్లబ్బు మీద నాకున్న రుణం చిన్నది కాదు. ప్రకాశం బజారులో ఇరవై రెండేళ్లుగా డీటీపీ చేస్తున్నాను. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, దశదినకర్మ కార్డులు, బడి పిల్లల ప్రశ్నపత్రాలు, ఎన్నికలొస్తే రాత్రింబవళ్లు పాంప్లెట్లు. అన్నీ అను అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లలోనే టైపు చేసేవాడిని. ఆ ఫైలు ఆ ఫాంట్లు లేని మరొకరి కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు ఉండదు, అర్థం లేని ఇంగ్లిషు గుర్తులు బారులు తీరి కనిపిస్తాయి. ఒక రిటైర్డ్ టీచరు గారు తన ఊరి చరిత్ర నా దగ్గర టైపు చేయించుకుని, అమెరికాలో ఉన్న కొడుక్కి పంపించి, అతను చదవలేకపోతే ఆ ప్రింటు పట్టుకుని నా దుకాణానికి వచ్చి నిలబడ్డారు. నా దగ్గర జవాబు లేదు. ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించేలా ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే పద్ధతి యూనికోడ్. తెలుగు లిపి 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే ఉంది. ఆ సంగతి నాకు తెలిసింది మాత్రం మీ పక్కన కూర్చున్న తరువాతే. భారతీయ భాషల టైపింగుకు ఉన్న ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద నా వేళ్లు కుదురుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. నాలుగు నెలలూ నాతో విసుక్కోకుండా కూర్చున్నది మన క్లబ్బులోని ఇరవై ఏళ్ల కుర్రవాడు. ఆ టీచరు గారి పుస్తకం మొత్తం యూనికోడ్‌లోకి మార్చి ఇచ్చాను. డబ్బు తీసుకోలేదు.

నాకు ఇదంతా ఎలా అందింది? అప్పుడు మీరు కలుసుకునే గది నా దుకాణానికి రెండు వీధుల అవతల ఉండేది. నడిచి వచ్చాను, అంతే. అదే మూడు కిలోమీటర్ల దూరంలో ఉండి ఉంటే, కొత్తవాళ్ల మధ్యకు వెళ్లాలన్న జంకుతో నేను ఆదివారం పూట ఇంట్లోనే పడుకునేవాడిని.

ఇప్పుడు మన ముందున్న చోట్ల సంగతి.

కోచింగ్ సెంటర్ యజమాని మంచివారు. హాలు ఉచితంగా ఇస్తామంటున్నారు. ఏసీ ఉంది, పెద్ద తెర ఉంది, ఇంటర్నెట్ వేగం బాగుంది. మనలో చాలామంది అటు మొగ్గడానికి ఆ ఇంటర్నెట్టే ముఖ్య కారణం. నేను దీని మీద లెక్క వేసి చూశాను. విండోస్‌కు బదులుగా ఉచితంగా వాడుకునే లినక్స్ వ్యవస్థల్లో ఒకటైన ఉబుంటు 24.04ను ఎక్కించే ఫైలు దాదాపు ఆరు జీబీ. వంద ఎంబీపీఎస్ లైను పూర్తి వేగంతో నడిస్తే ఒక కాపీ దిగడానికి ఎనిమిది నిమిషాలు. ఇరవై మంది ఒకేసారి దించడం మొదలుపెడితే రెండున్నర గంటలు దాటుతుంది, అంటే మన సమావేశం మొత్తం అందులోనే అయిపోతుంది. అదే ఒకరు ముందు రోజు రాత్రి ఇంట్లో దించి, నాలుగు పెన్‌డ్రైవ్‌లలో వేసుకుని వస్తే ఏ గదిలోనైనా పని జరుగుతుంది. తెలుగు టైపింగుకు, స్ప్రెడ్‌షీట్‌కు, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పాఠానికి ఇంటర్నెట్ పెద్దగా అక్కరలేదు. అవసరమైతే ఒకరి ఫోను హాట్‌స్పాట్ చాలు. లేని ఇంటర్నెట్‌ను జేబులో పెట్టుకుని తేగలం, లేని బస్సును తేలేం.

ఇంకొక మాట కూడా. ఆ హాలులో కూర్చుంటే, వచ్చినవాళ్ల పేర్లు, ఫోను నంబర్లు రాసివ్వమని అడుగుతారు. వారి వ్యాపారానికి అది అవసరం, అందులో తప్పుపట్టేది లేదు. కాని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లకు మరునాటి నుంచి కోర్సుల ఫోన్లు రావడం నాకు ఇష్టం లేదు.

ఊరి బయట ఉన్న ఒక కాలేజీ వాళ్లు ల్యాబు ఇస్తామన్నారు. ముప్పై కంప్యూటర్లున్న గది చూస్తే నాకూ ఆశ కలిగింది. అయితే ఆదివారం కాలేజీ బస్సు ఉండదు, గేటు దగ్గర సెక్యూరిటీ అతను గుర్తింపు కార్డు అడుగుతాడు. కూరగాయలమ్ముకునే అమ్మ తన కొడుకు దరఖాస్తు గురించి అడగడానికి ఆ గేటు దాటి వస్తుందా? రాదు.

మన మిత్రుడు ఒకరు తమ ఇంటి పై అంతస్తు గది వాడుకోమన్నారు. ఆయన మనసు ఎంత మంచిదో నాకు తెలుసు. ఆ ఇంటి ఇల్లాలు మనందరికీ ఇన్నిసార్లు చేసిపెట్టిన ఉప్మా, ఇచ్చిన టీ నేను మరిచిపోను. ఇళ్లలో మొదలుకావడం గొప్ప సంగతే. 1975 మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో గోర్డన్ ఫ్రెంచ్ అనే ఆయన కారు షెడ్డులో హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బు మొదటిసారి కూడింది. ఆపిల్ తొలి కంప్యూటర్‌ను తయారుచేసిన వోజ్నియాక్ ఆ రోజు ఆ షెడ్డులో ఉన్నాడు. కాని జనం పెరిగేకొద్దీ వాళ్లు ఆ షెడ్డులోనే ఇరుక్కుని కూర్చోలేదు. స్టాన్‌ఫర్డ్ లీనియర్ యాక్సిలరేటర్ కేంద్రం ఆడిటోరియానికి మారారు. అంత దూరం ఎందుకు, మన దగ్గరే చూడండి. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం రావిచెట్టు రంగారావు గారి ఇంట్లోనే పుట్టింది. అక్కడే ఆగిపోకుండా తరువాత సుల్తాన్ బజారులో సొంత భవనానికి చేరింది కాబట్టే, ఇంటివారితో పరిచయం లేని మనిషి కూడా లోపలికి వెళ్లి పుస్తకం తీసుకోగలిగాడు. ఇల్లు ఎంత ఆదరంగా ఉన్నా అది ఒకరి ఇల్లే. కొత్తగా వచ్చే ఆడపిల్ల ఇంట్లో వాళ్లు, ఎవరింటికి వెళ్తున్నావని అడుగుతారు. జవాబు చెప్పడం ఆ పిల్లకు కష్టం.

పైగా మెట్లు. ఈ విషయం దగ్గర నేను కొంచెం ఆగుతాను.

మర్రిగూడ వైపు నుంచి రెండు బస్సులు మారి ఒక పెద్దాయన వస్తారు. మీలో చాలామందికి ఆయన తెలుసు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరం. మోకాళ్లు పూర్తిగా వంగవు, మెడ పక్కకు తిరగదు, ఎవరితోనైనా మాట్లాడాలంటే ఒళ్లంతా తిప్పి నిలబడతారు. మనవరాలి కోసం కొన్న పాత సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఆన్ కావడం లేదని, సీపీయూను బియ్యం సంచిలో పెట్టి తెచ్చారు. బస్సు దిగాక ఆ సంచిని ఎవరో మోసిపెట్టారు. పై అంతస్తు మెట్లు పద్దెనిమిది. నేను పక్కన ఉండి లెక్కపెట్టాను. ఒక్కొక్క మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి, గోడ పట్టుకుని, ఊపిరి తీసుకుని ఎక్కారు. పైకి వచ్చాక ఐదు నిమిషాలు మాట్లాడలేకపోయారు. మన కుర్రవాళ్లు సీపీయూ మూత విప్పారు. లోపల దుమ్ము గూడు కట్టుకుని ఉంది. ర్యామ్ అనే మెమరీ పలకను తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, మళ్లీ క్లిక్కుమనేదాకా నొక్కారు. బటన్ నొక్కగానే ఒక చిన్న బీప్. తెర వెలిగింది. ఆయన ముఖంలో ఆ క్షణం కనిపించిన సంతోషం చూసినవాళ్లు ఎవరూ మరిచిపోరు. దిగేటప్పుడు మాత్రం, ఇంకోసారి ఈ మెట్లు ఎక్కలేను బాబూ అన్నారు. తరువాత రాలేదు.

వేరే జిల్లాలో ఎలాగో గాని, నల్లగొండలో కింది అంతస్తు కావాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఇక్కడ బిగుసుకుపోయిన మోకాళ్లు, వంగిపోయిన నడుములు ప్రతి వీధిలో కనిపిస్తాయి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు వాళ్లకు మన క్లబ్బు తలుపులు తెరిచే ఉండాలంటే ఆ తలుపు నేల మీద ఉండాలి.

ఇలాంటి పాత యంత్రాలు ఇకముందు ఇంకా ఎక్కువ వస్తాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 ఎక్కించడానికి వీలులేని కంప్యూటర్లు మన చుట్టుపక్కల ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. వాటిని పాత సామాన్ల అతనికి వేసేయకుండా లినక్స్ ఎక్కించి మరో ఐదేళ్లు నడిపించవచ్చని మనమే అందరికీ చెబుతున్నాం. మరి ఆ యంత్రాన్ని మన దాకా మోసుకొచ్చే దారి కూడా మనమే చూపించాలి కదా.

అందుకే నా ప్రతిపాదన ఇది. ఆర్టీసీ బస్టాండు గేటు దగ్గర నిలబడి, పది నిమిషాలు మామూలుగా నడిస్తే ఎక్కడికి చేరుతామో అంతవరకు ఒక గీత గీసుకుందాం. ఆ గీత లోపల మాత్రమే గది వెతుకుదాం. నేను పోయిన రెండు ఆదివారాలు ఆ పని మీదే తిరిగాను. ఒక ప్రభుత్వ పాఠశాల ఉంది, తొమ్మిది నిమిషాల నడక. కింది అంతస్తులో రెండు పెద్ద గదులు, వీధి నుంచి గది దాకా ఒకే ఒక్క గడప. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆడపిల్లల మరుగుదొడ్డి వేరుగా ఉంది, తాళం ఉంది, నీళ్లు వస్తున్నాయి. ఈ చివరి విషయం గురించి మన సమావేశాల్లో ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. మా ఆవిడ అడిగింది. మూడు గంటలు కూర్చోమంటున్నారు, అక్కడ ఆడవాళ్లకు ఏర్పాటుందా అని. అప్పుడు గాని నాకు తట్టలేదు.

లోపం కూడా చెబుతాను. గదిలో గోడ సాకెట్లు రెండే ఉన్నాయి, రెండూ ఆరు ఆంపియర్లవి. 230 వోల్టుల దగ్గర ఒక్కొక్కటి మోయగలిగేది 1,380 వాట్లు. ఒకే సాకెట్‌కు 65 వాట్ల చార్జర్లు ఇరవై పెడితేనే 1,300 అవుతుంది. దానికి తోడు ఒక పాత డెస్క్‌టాప్ కలిస్తే తీగ వేడెక్కుతుంది, బడి పిల్లలు కూర్చునే గదిలో అలాంటి పని చేయకూడదు. కాబట్టి ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద మరో ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించే అలవాటు మానేద్దాం. లాప్‌టాప్‌లు ఇంటి దగ్గరే చార్జ్ చేసుకుని వద్దాం. బడి వాళ్లు ఒప్పుకుంటే, మన ఖర్చుతో ఒక పదహారు ఆంపియర్ల పాయింటు వేయిస్తే అది బడికీ పనికొస్తుంది. ఆ ఖర్చులో సగం నేను పెట్టుకుంటాను.

వేళ కూడా మార్చాలి. సాయంత్రం నాలుగు నుంచి ఏడు అంటే బండి ఉన్న మగవాళ్లకు మాత్రమే వీలు. చీకటి పడేలోపు ఇల్లు చేరాలనుకునేవాళ్లు మధ్యలోనే లేచి వెళ్తున్నారు. ఉదయం పదిన్నర నుంచి ఒకటిన్నర దాకా పెట్టుకుందాం. తిరుగు బస్సు పట్టుకోవడానికి మధ్యాహ్నమంతా ఉంటుంది.

ఇక్కడ జిల్లా గ్రంథాలయ సంస్థ పెద్దలకు కూడా ఒక మాట. మేము బడి గది అడుగుతున్నది మరో దారి లేదని కాదు. నిజానికి ఇలాంటి క్లబ్బుకు సహజమైన ఇల్లు గ్రంథాలయమే. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఊళ్లో మేము కట్టే ఆస్తి పన్నులో ప్రతి రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కలుపుతారు. నా దుకాణం వాళ్లు కడుతున్నారు, నా ఇంటికి నేనూ కడుతున్నాను. కాబట్టి దీన్ని దయ చూపమని అడుగుతున్నట్టు అనుకోవద్దు, మన చదువుల చోటును ఇంకొంచెం వాడుకోనివ్వమని అడుగుతున్నాం. నెలకు ఒక ఆదివారం, మూడు గంటలు, కింది అంతస్తులో ఒక గది. పఠన మందిరంలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు మా మాటలు వినిపించనివ్వం. కరెంటు ఖర్చు ఎంతైతే అంత కడతాం. ఊడ్చి, కుర్చీలు సర్ది, తాళం అప్పజెప్పి వెళ్తాం. బాధ్యత మీద ఇద్దరం సంతకం పెడతాం. దానికి బదులుగా గ్రంథాలయంలో మూలనపడ్డ కంప్యూటర్లు ఉంటే బాగుచేసి ఇస్తాం. ఉద్యోగాల దరఖాస్తులు ఆన్‌లైన్‌లో నింపడం, ఫోటో, సంతకం సైజు తగ్గించి ఎక్కించడం రాక ఇంటర్నెట్ సెంటర్లలో యాభైలు, వందలు పోసే పిల్లలకు ఆ పని ఉచితంగా నేర్పుతాం.

1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు గారు ఈ ఊరి నుంచి నీలగిరి పత్రిక నడిపారు. నిజాం కాలంలో, తెలుగు చదువుకు ఆదరణ లేని రోజుల్లో, చేత్తో ఒక్కొక్క అక్షరం పేర్చి అచ్చు వేయించారు. అక్షరాలు పేర్చే పనే నాదీ కాబట్టి ఆయన పేరు తలచుకున్నప్పుడల్లా నాకు గుండె నిండుతుంది. ఆ పత్రిక వచ్చిన ఊళ్లో, తెలుగును కంప్యూటర్ మీద రాయడం నేర్చుకోవాలనుకున్న ఒక డిగ్రీ పిల్ల ఆటో ఖర్చు లేక వెనక్కి వెళ్లకూడదు.

క్లబ్బు మిత్రులను మళ్లీ అడుగుతున్నాను. హాలు ఇస్తామన్నవాళ్లకు, ల్యాబు ఇస్తామన్నవాళ్లకు మర్యాదగా కృతజ్ఞతలు చెబుదాం. ఏడాదికి ఒకసారి పెద్ద కార్యక్రమం పెట్టినప్పుడు వాళ్ల సాయం తీసుకుందాం, బస్టాండు నుంచి ఒక వ్యాను మనమే ఏర్పాటు చేద్దాం. నెలనెలా కలిసే చోటు మాత్రం బస్సు దిగి నడిచి వచ్చేవాళ్లను చూసి ఎంచుకుందాం. మనకు బళ్లున్నాయి, మనం ఎక్కడికైనా వెళ్లగలం. మీలో ఎవరికైనా ఇంతకంటే దగ్గరి గది, కింది అంతస్తులో తెలిసి ఉంటే వెంటనే చెప్పండి. నా ప్రతిపాదనే నెగ్గాలన్న పట్టుదల నాకు లేదు.

ఆదివారం ఉదయం పది గంటలకు నేను బస్టాండు గేటు దగ్గర ఉంటాను, ఆటోలు ఆగే చోట. ఓటు వేసే ముందు వీలైనంతమంది అక్కడికి రండి. అక్కడి నుంచి ఆ బడి దాకా కలిసి నడుద్దాం. మర్రిగూడ పెద్దాయనకు ఫోను చేశాను, వస్తానన్నారు. ఆయన నడకతో పాటే మనమూ నడిచి, ఎన్ని నిమిషాలు పడుతుందో చూద్దాం. కనగల్ అమ్మాయి నంబరు నా దగ్గర లేదు. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే, ఆ అమ్మాయికి, చెల్లెలికి ఈ కబురు చేరవేయండి. వాళ్లు వస్తే ఓటు వేసే హక్కు వాళ్లకూ ఉందని చెప్పండి.

ఇట్లు,
మీలో ఒకడు,
ప్రకాశం బజారు డీటీపీ ఆపరేటరు, నల్లగొండ